బడి సంచికి కట్టిన గంట

నాకు చూపు పోయింది పదకొండో ఏట. అంతకు ముందు మా అవ్వ సూదిలో దారం ఎక్కించమంటే ఒక్క గుచ్చుకే ఎక్కించి, "ఏందవ్వా, నీ కళ్లు యాడ పెట్టినావు" అని ఆమెను ఏడిపించేదాన్ని. ఆ మాట అన్నందుకే నాకిలా అయిందని చాలా రోజులు లోపల్లోపల భయపడ్డాను. ఎవరికీ చెప్పలేదు.

ఒళ్లంతా పొక్కులతో జ్వరం వచ్చింది. కళ్లు అంటుకుపోయాయి. మార్కాపురంలో చూపిస్తే గుంటూరు పొమ్మన్నారు, గుంటూరులో హైదరాబాదు పొమ్మన్నారు. జ్వరం తగ్గింది, పొక్కులు మానాయి, చూపు మాత్రం రాలేదు. పొద్దెక్కిందో లేదో కూడా ఒంటికి తగిలే ఎండను బట్టి తెలుసుకోవాల్సి వచ్చింది. ఇందులో ఎవరి తప్పూ లేదని అక్కడి పెద్ద డాక్టరు మా నాయనకు రెండుసార్లు చెప్పాడట. ఎవరి తప్పూ లేకపోతే ఎవరి మీద కోప్పడాలో తెలియక నేను అందరి మీదా కోప్పడ్డాను. అసలే నాకు ముక్కు మీద కోపం.

మా ఊరు మార్కాపురానికి ఆటోలో అరగంట. ఊరి చుట్టూ పలకరాయి తవ్విన గుంతలు, తవ్వి పారబోసిన రాతి చిప్పల దిబ్బలు. ఆ దిబ్బల మధ్య మేత వెతుక్కునే జీవాలు, అంటే గొర్రెలూ మేకలూ, వాటి వెనక మాలాంటి వాళ్లు. మా నాయన చదువుకోలేదు గానీ గొర్రె దగ్గును బట్టి దాని జబ్బేమిటో చెప్పేవాడు. నా జబ్బు మాత్రం ఆయనకు అంతుపట్టలేదు.

ఏడాది పాటు మంచం మీద కూర్చున్నాను. వచ్చిన ప్రతివాళ్లూ నా ముందే, నేను చెవిటిదాన్ని కూడా అయినట్టు, "అయ్యో, ఆడపిల్ల, ఇంక దీని గతేంది" అని మా అమ్మను అడిగేవాళ్లు. మా అమ్మ కాఫీ పెట్టడానికి లేచేది. వాళ్లు వెళ్లిపోయాక నేను గ్లాసు విసిరి కొట్టేదాన్ని. అది ఎక్కడ పడిందో వెతుక్కోవడం మా అవ్వ పని.

మండలం నుంచి వారానికి రెండు రోజులు ఒక టీచరమ్మ వచ్చేది. చూపు లేని పిల్లలకు చుక్కల అక్షరాలు నేర్పడం ఆమె ఉద్యోగం. వేళ్ల కింద చుక్కలు తడుముతూ నేను నా పేరు మొదటిసారి చదువుకున్న రోజు మా అమ్మ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, ఇంకో పేజీ కావాలనిపించింది. నేను బడికి పోతానని పట్టుబడితే ఆ టీచరమ్మే మా ఊరి హైస్కూలు హెడ్మాస్టరుతో మాట్లాడి నన్ను ఆరో తరగతిలో చేర్చుకోవడానికి ఒప్పించింది. ఒప్పుకోవడమంటే అంత సంతోషంగా ఏం కాదు.

"చూడయ్యా, పిల్ల చదువుకుంటే నాకేమన్నా చేదా?" అన్నాడు హెడ్మాస్టరు మా నాయనతో. "కానీ ఈ బడికి సగం ప్రహరీ లేదు. వెనకనే గుంత ఉంది. దసరా సెలవుల దాకా చూద్దాం. ఈ లోపల ఏమన్నా అయిందంటే మాత్రం ఆ రోజే పాపను ఇంటికి తీసకపో. మళ్లా నన్ను అడగొద్దు."

"అట్నే సార్," అన్నాడు మా నాయన.

అంటే దసరా దాకా నాకేమీ కాకూడదు. పడకూడదు, తప్పిపోకూడదు, దెబ్బ తగలకూడదు. ఒక్కసారి అలా అయిందంటే మళ్లీ మంచం, మళ్లీ కాఫీ గ్లాసులు. ఇంతవరకూ బాగానే అర్థమైంది. నాకు అర్థం కానిది ఇంకొకటి. బడికి పోవాలని అంత పట్టుబట్టినదాన్ని, తీరా చేర్చుకుంటామన్నాక బడి పేరెత్తితే మంచం దిగబుద్ధయ్యేది కాదు. ఇల్లంటే కోపం, బడంటే భయం. ఆ రెండింటి మధ్య నేను.

బడికి పోయే ముందు రోజు సాయంత్రం మా నాయన మంద తోలుకొచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా దొడ్లో ఏదో పని పెట్టుకున్నాడు. కాసేపటికి నా దగ్గరికి వచ్చి ఒళ్లో ఒక గంట పెట్టాడు. చల్లగా, బరువుగా ఉంది. మా పెద్ద పొట్టేలు మెడకు కట్టే ఇత్తడి గంట అది, మా జేజినాయన, అంటే నాయన వాళ్ల నాయన, నాటిది. చింతపండు వేసి తోమినట్టున్నాడు, పులుపు వాసన వచ్చింది.

మా వైపు ప్రతి మందలోనూ ఒకటి రెండు జీవాలకు గంట కడతారు. పొదల చాటునో దిబ్బ అవతలో పడి మంద కనిపించకపోయినా, ఆ చప్పుడును బట్టి ఎక్కడుందో కాపరికి తెలుస్తుంది. మా నాయన ఆ గంటను నా బడి సంచి పట్టీకి, ఉన్ని తాడుతో, మూడు ముళ్లు వేసి కట్టాడు.

"గంటున్నది తప్పిపోదు పాపా," అన్నాడు. "యాడన్నా దోవ తప్పితే కదలొద్దు. నిలబడి గంట ఊపు. ఎవురో ఒకరు ఇని వస్తారు."

ఆయన గొంతులో గర్వం ఉంది. నా కోసం ఆయన స్వయంగా కనిపెట్టిన మందు అది. వద్దనాలని నోటిదాకా వచ్చింది. సంచి భుజానికి తగిలించి చూసుకున్నాను. పొట్టేలు ఆ రాత్రి గంట లేకుండా పడుకుంది.

మా పెద్దనాయన కూతురు ఎనిమిదో తరగతి చదివేది. ఆ అక్క నా చెయ్యి పట్టుకుని బడికి తీసుకుపోయేది, ఇంటర్వెల్‌లో వచ్చి చూసేది, సాయంత్రం ఇంటికి తెచ్చేది. మొదటి రోజు గేటు దాటగానే నన్ను భయపెట్టింది చప్పుడు. మూడొందల మంది పిల్లల చప్పుడు ఒక్కసారిగా మీద పడింది. చూపున్నప్పుడు అదే గోలలో నేనూ ఒకదాన్ని. ఇప్పుడు ఆ గోలలో ఏది ఎటు నుంచి వస్తోందో, ఏది నా మీదికి వస్తోందో తెలియలేదు. పరుగెత్తే కాళ్లన్నీ నా వైపే వస్తున్నట్టుండేది. అక్క చెయ్యి గోళ్లు దిగేటట్టు పట్టుకున్నాను. "అబ్బా, వదలవే, రక్తం వస్తాంది" అని అక్క గుంజుకుంది. అలా గుంజుకున్న క్షణంలో నేను ఎక్కడ నిలబడ్డానో కూడా నాకు తెలియలేదు. కింద నేల ఉంది. అంతే తెలుసు.

ఇక గంట. నేను అడుగు వేస్తే గణగణ, ఆగితే నిశ్శబ్దం. మొదటి రోజే "ఒరేయ్, జీవాలొచ్చినాయిరా" అన్నారు. దానికి నేనేం ఏడవలేదు. మాటకు మాట అప్పజెప్పడం నాకు వచ్చు. మాట్లాడకపోతేనే నాకు చేతకాలేదు. నా బెంచీలో నా పక్కన కూర్చునే పిల్ల ఒకతె ఉండేది. వాళ్లమ్మ పలకల ఫ్యాక్టరీలో చెక్క ఫ్రేములు బిగించే పనికి పోయేది. ఆ పిల్ల ఒక ఆట కనిపెట్టింది. గంట చప్పుడు వినపడగానే అందరూ ఎక్కడి వాళ్లక్కడ ఊపిరి బిగబట్టి నిలబడాలి. నేను ఎవరిని గుద్దుకుంటే వాళ్లు ఓడినట్టు.

చెప్పినంత తేలిక కాదు అది నాకు. వరండాలో నడుస్తుంటాను. అప్పటిదాకా ఉన్న మాటలన్నీ ఉన్నట్టుండి ఆగిపోతాయి. నా గంట ఒక్కటే మోగుతుంటుంది. చుట్టూ మనుషులు ఉన్నారని తెలుసు, ఎక్కడున్నారో తెలియదు. ఎవరిదో వెచ్చటి ఊపిరి చెంపకు తగులుతుంది. చెయ్యి చాపితే ఒక ముఖం. నేను కెవ్వుమంటే అందరూ నవ్వేవాళ్లు. నాకు అక్కడే కూలబడాలనిపించేది. కూలబడలేదు. పడితే "ఏమన్నా అయింది" కిందికి వస్తుంది.

ఇంట్లో మాత్రం రోజూ ఒకటే మాట. "బడి ఎట్లుంది పాపా?" అని మా నాయన అడిగేవాడు. "బాగుంది." "గంట పనికొస్తాందా?" "ఆఁ." ఇంతకన్నా పెద్ద అబద్ధాలు నేను తర్వాత చాలా చెప్పాను గానీ, ఇంత కష్టపడి ఎప్పుడూ చెప్పలేదు.

ఇంకో భయం ఉంది, దాన్ని ఇంట్లో చెప్పుకోవడానికి సిగ్గు. బడిలో ఆడపిల్లల బాత్రూంకు ఎప్పుడూ తాళమే. దానికి నీళ్లు లేవు, బడిలో ఉన్న ఒక్క కుళాయీ తాగడానికే చాలేది కాదు. నీళ్లు లేకపోతే కంపు, అందుకని తాళం. ఆడపిల్లలందరూ ప్రహరీ కూలిన సందులోంచి బడి వెనక్కి పోయేవాళ్లు. సందు దాటగానే ఎడమకు తిరిగి గోడ వెంబడి కొంచెం పోతే సర్కారు తుమ్మ చెట్లు అడ్డంగా ఉంటాయి, అక్కడ. ఎడమకు తిరగకుండా నేరుగా పోతే పలకరాయి గుంత. తవ్వకం ఆపేసి ఏళ్లయింది. కోసినట్టు నిలువు గోడలు, అడుగున నల్లటి నీళ్లు. చూపున్నప్పుడు నేనూ పిల్లలతో పోయి దాంట్లో రాళ్లు వేసేదాన్ని. రాయి చేతిలోంచి వదిలాక నీళ్ల చప్పుడు వినపడేలోపు ఒకటి, రెండు అని లెక్కపెట్టొచ్చు. అందుకని నేను పొద్దున లేచింది మొదలు సాయంత్రం ఇల్లు చేరేదాకా నీళ్లు తాగేదాన్ని కాదు. నాలుక పిడచకట్టుకుపోయినా సరే. మరీ తప్పకపోతే అక్క చెయ్యి పట్టుకుని పోయేదాన్ని.

ఆ రోజు అక్క లేదు. వాళ్ల మేనమామ కూతురి పెళ్లికి పొదిలి పోయింది. పొద్దున మా అమ్మే దింపి పోయింది. మధ్యాహ్నం భోజనంలో సాంబారు మంటగా ఉంది. ఒక్క గ్లాసు అనుకుని మూడు గ్లాసుల నీళ్లు తాగాను. లెక్కల క్లాసు సగంలో ఇక ఆపుకోవడం నా వల్ల కాలేదు. పక్కన పిల్లను తోడు రమ్మని అడగడానికి నోరు రాలేదు. ఆ పిల్లను అడగడం కన్నా చావడం మేలనిపించింది, నా కోపం అలాంటిది. సారును అడిగి, సంచి భుజానికి తగిలించుకుని ఒక్కదాన్నే బయటికి వచ్చాను. గంట ఉంది కదా అనుకున్నాను.

సందు దాకా బాగానే పోయాను. ఎడమకు తిరిగి గోడ పట్టుకున్నాను. నాలుగడుగులు వేశానో లేదో, కాలికి ముళ్లు గుచ్చుకున్నాయి. ఎవరో తుమ్మ కంప కొట్టి గోడ పక్కన పడేశారు. గోడ వదిలి కంప చుట్టూ తిరిగాను. మళ్లీ గోడ కోసం చెయ్యి చాపాను. గోడ లేదు. ఇంకో అడుగు వేసి చాపాను. లేదు. కాళ్ల కింద రాతి చిప్పలు జారుతున్నాయి. గోడ పక్కన చిప్పలుండవు.

ఆగిపోయాను. ఆపుకున్నదంతా అక్కడే, నిలబడిన చోటే, పావడాలో పోయింది. వెచ్చగా కాళ్ల మీదుగా కారి చెప్పుల్లో చేరింది. పన్నెండేళ్ల పిల్లను. అరవాలి అనుకున్నాను. అరిస్తే మగపిల్లలు కూడా వస్తారు, తడిసిన పావడా చూస్తారు. నోరు నొక్కుకున్నాను. నాయన మాట గుర్తొచ్చింది. కదలకుండా నిలబడి గంట ఊపాను.

ఊపాను, ఊపాను. ఎవరూ రాలేదు. చెయ్యి మార్చుకుని ఊపాను. చాలాసేపటికి దూరంగా ఏదో చేలోంచి ఒక ఆడమనిషి గొంతు వినపడింది.

"ఎవురివో ఏమో ఈ పాడు గొర్రెలు! చేన్లో పడ్డాయంటే చెబుతా!"

ఆ వెంటనే ఒక మట్టిపెడ్డ వచ్చి నాకు కొంచెం దూరంలో పడింది.

అప్పుడు అర్థమైంది నాకు. మా ఊళ్లో దిబ్బల మధ్య గంట మోగితే ఎవరు తలెత్తి చూస్తారు? గొర్రె అనుకుంటారు. బడిలో సారు వింటాడు, గొర్రె అనుకుంటాడు. సాయంత్రం దాకా ఊపినా, రేపటి దాకా ఊపినా ఇంతే. మా నాయన గంటలు వింటూనే పుట్టిపెరిగాడు. ఆయనకు ఏ గంట ఏ జీవానిదో తెలుస్తుంది. ఊరందరికీ అలాంటి చెవులు ఉండవన్న సంగతి పాపం ఆయనకు తట్టలేదు.

నాకు చచ్చేంత కోపం వచ్చింది. గంట మీద, నాయన మీద, పెళ్లి చేసుకుంటున్న ఆ పొదిలి పిల్ల మీద. ముళ్లు విప్పడానికి వేళ్లు సరిగా పనిచేయలేదు. పళ్లతో కొరికి, లాగి, తెంపి, గంటను బలంకొద్దీ ముందుకు విసిరాను. రాళ్ల మీద పడి ఖంగుమంటుందనుకున్నాను.

ఏ చప్పుడూ రాలేదు.

ఒకటి. రెండు. నీళ్ల చప్పుడు, చాలా కింద నుంచి.

ఇప్పటికీ ఆ నిశ్శబ్దం నాకు ఒంట్లోనే ఉంది. నేను గుంత అంచుకు ఎంత దగ్గరగా నిలబడి ఉన్నానో తెలియదు. రెండడుగులో, ఒక అడుగో. ఎటు తిరిగితే వెనక్కి అవుతుందో కూడా తెలియదు. మెల్లగా, చాలా మెల్లగా, కిందికి కూర్చున్నాను. రెండు చేతులూ నేలకు ఆనించాను. ఏడుపు వచ్చింది గానీ, ఏడిస్తే ఒళ్లు కదులుతుందని భయపడి ఏడవలేదు.

అలా ఎంతసేపు ఉన్నానో. చెవులు కాస్త తెరిపిన పడ్డాక బడి వినపడింది. ఇన్నాళ్లూ నా గంట కింద అణిగిపోయి ఉన్న బడి. ఏడో తరగతి వాళ్లు ఎక్కాలు అప్పజెబుతున్నారు. నా వీపు వైపు నుంచి, కొంచెం కుడిగా. ఆ ఎక్కాల వైపు తిరిగి, చేతులతో ముందు నేల తడుముకుంటూ, అరచేతులు చిప్పలకు కోసుకుంటుండగా పాక్కుంటూ పోయాను. పదమూడో ఎక్కం అయ్యేసరికి గోడ తగిలింది. గోడకు ముఖం ఆనించి అప్పుడు ఏడ్చాను.

గోడ పట్టుకుని సందులోంచి లోపలికి వచ్చి, కుళాయి దగ్గర కాళ్లూ పావడా కడుక్కున్నాను. క్లాసులోకి వెళ్తే సారు "ఇంతసేపా?" అన్నాడు. "కుళాయి కాడ నీళ్లు మీద పడినాయి సార్, బట్టలు తడిసినాయి" అన్నాను. ఆయన కూర్చోమన్నాడు. పక్కన పిల్ల చెవిలో "గంటేదే?" అంది. నేను సంచి ఒళ్లోకి లాక్కున్నాను.

సాయంత్రం మా నాయన కూడా అదే అడిగాడు. "గంటేది పాపా?"

నిజం చెబితే బడి లేదు. దసరా ఇంకా నెల ఉంది. "బడిలో ఎవురో తీసుకున్యారు నాయనా," అన్నాను. ఇంతటితో పోతుందనుకున్నాను. మా నాయన ఎవరితోనూ గొడవ పెట్టుకునే మనిషి కాదు. కానీ అది మా జేజినాయన గంట. పైగా ఆయన లెక్కలో గంట తీసుకోవడమంటే పిల్లను గుంతలోకి తోసినట్టే. తెల్లారి మందను పెద్దనాయనకు అప్పజెప్పి నాతో పాటు బడికి వచ్చాడు.

ప్రార్థన అయ్యాక హెడ్మాస్టరు ఎవరినీ క్లాసులకు పంపకుండా, ఆరో తరగతిని అందరి ముందూ ఎండలో నిలబెట్టాడు. ఎవరు తీశారని అడిగాడు. అంతలో ఎవరో నా పక్కన పిల్ల పేరు చెప్పారు. ముందు వారం ఆ పిల్ల నా గంట పట్టుకుని లాగడం చూశారట. నిజమే, లాగింది. హెడ్మాస్టరు ముందుకు రమ్మన్నాడు.

"నేను తీయలా సార్. మా యమ్మ తోడు సార్," అంది ఆ పిల్ల.

"చెయ్యి చాపు."

బెత్తం అరచేతి మీద పడిన చప్పుడు వినపడింది. నేను సంతోషించాను, దాచిపెట్టుకోవడం ఎందుకు. వరండాలో ఊపిరి బిగబట్టి నా ముఖం ముందు నిలబడిన ప్రతిసారికీ ఇది అనుకున్నాను. రెండో దెబ్బ పడింది. ఆ పిల్ల ఏడుస్తూ, "సార్, మా యమ్మను పిలిపియ్యొద్దు సార్, ఒక రోజు కూలి పోతాది" అంది.

మూడో దెబ్బకు చెయ్యి చాపమనడం విన్నాను. నా నోరు నన్నడక్కుండానే తెరుచుకుంది.

"ఆ పిల్ల తీయలా సార్. నేనే పారేసినా. గుంతలో."

తర్వాత అంతా చెప్పేశాను. సందు, కంప, గోడ, చిప్పలు, గంట, నీళ్ల చప్పుడు. పావడా సంగతి కూడా చెప్పాను, ఇక దాచుకుని ఏం చేయాలని. చెబుతున్నంతసేపూ మూడొందల మంది పిల్లలూ ఊపిరి బిగబట్టినట్టున్నారు. ఈసారి ఆట కాదు. మా నాయన నా చెయ్యి పట్టుకుని ఉన్నాడు.

హెడ్మాస్టరు మాట్లాడినప్పుడు గొంతు మారిపోయి ఉంది. ఆయనకూ భయం వేసినట్టుంది.

"ఇంక చాలయ్యా. ముందే చెప్పినా నీకు. పాపను ఇంటికి తీసకపో."

మా నాయన "అట్నే సార్" అంటాడని కాచుకున్నాను. నాకు తెలిసి పెద్దవాళ్ల ముందు ఆయన ఇంకో మాట అనలేదు.

"సార్, ఒక్క మాట," అన్నాడు మా నాయన. "మా మందలో గంట ఎప్పుడూ ముందు నడిచేదానికి కడతాం. దోవ తెలిసినదానికి. ఎనకొచ్చేటివి ఆ చప్పుడు పట్టుకొని వస్తాయి. నేను దోవ తెలీని పిల్లకు కట్టినా. ఆ చప్పుడులో దానికి ఏదీ ఇనపడకుండా చేసినా. తప్పు నాది సార్. నేను చేసిన తప్పుకు పిల్ల బడి ఎందుకు మానాల?"

"రేపు మళ్లా ఏదన్నా అయితే? ఎవరయ్యా జవాబు చెప్పేది?"

"బాత్రూం తాళం తీపియ్యండి సార్. ఎనక్కి పోయే పనే ఉండదు, ఏ పిల్లకూ."

"నీళ్లో?"

"నేను తెచ్చిపోస్తా. మందను తోలకముందే రోజూ తెస్తా."

హెడ్మాస్టరు ఇంకా ఏదో అనబోయాడు. అంతలో వెనక నుంచి పెద్ద తరగతుల ఆడపిల్లలెవరో "తీపియ్యండి సార్" అన్నారు. ఇంకో గొంతు అంది. ఇంకొకటి. హెడ్మాస్టరు గట్టిగా అరిచి అందరినీ క్లాసుల్లోకి పొమ్మన్నాడు. మా నాయనతో, "ఒక కాగితం రాసివ్వు, నాదే బాధ్యత అని" అన్నాడు. మా నాయనకు రాయడం రాదు. పెద్ద టీచరెవరో రాస్తే వేలిముద్ర వేశాడు.

నేను గెలిచాను. ఇంటికి వచ్చి ఒక మూల కూర్చున్నాక గాని ఆ గెలుపంటే ఏమిటో నాకు తెలియలేదు. రేపు మళ్లీ పోవాలి. ఎల్లుండి మళ్లీ. పదో తరగతి అయ్యేదాకా రోజూ పోవాలి. తెల్లారి కడుపునొప్పి అన్నాను. మా అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"ఊరంతటి ముందర మీ నాయన తప్పొప్పుకున్నాడే," అంది. "పోకుండా ఎట్ల ఉంటావు?"

పెళ్లి నుంచి అక్క ఇంకా రాలేదు. మా నాయన రెండు పెద్ద క్యాన్ల నిండా నీళ్లు పట్టుకుని బయల్దేరాడు. ఊరి వీధుల్లో ఆయన లుంగీ అంచు పట్టుకుని నడిచాను. బడి గేటు దగ్గర ఆగాం. లోపల అదే గోల, అదే పరుగులు. నేను చెయ్యి చాపాను, అలవాటుగా.

"చేతులు ఖాళీ లేవు పాపా," అన్నాడు. "లుంగీ కూడా వదులు. తట్టుకొని పడతాం. నువ్వు ముందు నడు. నేను నీ ఎనకే వస్తా."

"నాకు భయమేస్తాంది నాయనా."

"నాకూ భయంగానే ఉంది," అన్నాడు మా నాయన. ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు. "నీళ్లు బరువు పాపా. ఎంతసేపు నిలబడేది? నడు."

లుంగీ వదిలేశాను. వెనక ఆయన ఊపిరి, క్యాన్లలో నీళ్లు తొణికే చప్పుడు. ముందు ఏముందో తెలియదు. నేను కదిలేదాకా ఆయన కదలడు, ఆ బరువుతో అలాగే నిలబడి ఉంటాడు. నాకు ఏ మాత్రం ధైర్యం రాలేదు. నాయన చేతులు నొప్పి పుడుతుంటాయని నడిచాను.